ఉప్పుగాలికి నిలిచే పొగాకు పైపు ఎలా ఉండాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు బయలుదేరిన మరపడవ మళ్లీ ఒడ్డు చేరడానికి పది, పదిహేను రోజులు పట్టొచ్చు. అన్ని రోజులూ తడి, ఉప్పు, గాలి. గీసిన అగ్గిపుల్ల గీసినట్టే ఆరిపోతుంది. ముట్టించిన చుట్ట మీద ఒక్క కెరటం తుంపర పడితే చాలు, పని మళ్లీ మొదటికి వస్తుంది. ఈ ఇబ్బందికి ఉత్తరాంధ్ర తీరం తరాల కిందటే ఒక ఉపాయం పట్టుకుంది. చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. అడ్డపొగ అని దాని పేరు. నిప్పు నోట్లో ఉంటే గాలి తగలదు, తుంపర పడదు. ఈ అలవాటు ఎలా పుట్టిందో చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ కారణమే చెబుతారు. తర్వాత అది పడవ దిగి, ఒడ్డున ఉండే ఆడవాళ్లలో మరింత గట్టిగా పాతుకుపోయింది.

దానికి మూల్యం చెల్లించింది అంగిలి. 1971లో అచ్చయిన ఒక పరిశీలన కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మచ్చలు, గడ్డలు, పుళ్లు బయటపడ్డాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి (అంగిలి ముందు భాగం) కేన్సర్‌కీ ఈ తిరగేసిన చుట్టకీ ఉన్న సంబంధం గురించి విశాఖ వైద్యులు కూడా ఆ రోజుల్లోనే రాశారు.

పైపు గురించి మాట్లాడటానికి ముందు ఇదంతా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే పైపు కూడా ఆ ఇబ్బందికే మరో జవాబు. అది నిప్పును నోటికి దూరంగా, గోడల మధ్య, మూత వేసుకునేలా దాస్తుంది. అంగిలికి నిప్పు తగలదు. అంతమాత్రాన ఒంటికి మంచిదైపోదు. పైపు తాగడం పెదవి కేన్సర్‌కు కారణమవుతుందని 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదికే తేల్చింది. పొగ లోపలికి పీల్చం, నోట్లో ఉంచి వదిలేస్తాం అనుకోవడం కూడా ధైర్యమిచ్చే మాట కాదు. చుట్టల కోసం పండించే లంక పొగాకు లాంటి వాటి పొగకు క్షారగుణం ఎక్కువ. అందులోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే, నోటి లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. కాబట్టి అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టడానికి గట్టి పైపు దొరకడం ఒక సాకు కాకూడదు. ఇక్కడ చెప్పేది ఇప్పటికే పైపు వాడుతూ, ఓడల మీదో, పడవల మీదో, మన్యం కొండల్లోనో రోజుల తరబడి గడిపేవాళ్ల కోసం.

గట్టి పైపు అనగానే చాలామందికి ముందు తోచేది లోహం. పడినా పగలదు, నానినా ఉబ్బదు కదా అనిపిస్తుంది. ఈ ఆలోచన తప్పుదారి పట్టిస్తుంది. లోహం వేడిని తనలో ఆపుకోదు, నేరుగా చేతికి పంపిస్తుంది. నాలుగు దమ్ములకే పొగాకు కూరే గిన్నె పట్టుకోలేనంత కాలుతుంది. నోట్లో పెట్టుకునే కాడ కూడా లోహమే అయితే, పొగలోని ఆవిరి దానికి తగిలి నీరై గుడగుడలాడుతుంది. సముద్రం మీద మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా తుప్పు మచ్చలు వస్తాయి. 316 రకం స్టీలు ఉప్పుకు మెరుగ్గా నిలుస్తుంది గానీ వేడి సంగతి మారదు. పైపు గిన్నెకు కావలసిన గుణాలు నాలుగు. నిప్పుకు కాలకూడదు, వేడిని చేతికి పంపకూడదు, తేమను కొంత పీల్చుకోవాలి, పడితే పగలకూడదు. ఈ నాలుగూ ఒకచోట కుదిరే పదార్థాలు చాలా తక్కువ.

వాటిలో మొదటిది బ్రయర్. మధ్యధరా సముద్ర తీరంలో ఎరికా ఆర్బోరియా అనే పొద పెరుగుతుంది. రాతి నేల, నీటి ఎద్దడి, అప్పుడప్పుడూ కార్చిచ్చు. ఈ మూడింటి మధ్యా అది బతకాలి. అందుకని వేరు మొదట్లో గడ్డలాంటి కర్రను పెంచుకుంటుంది. పైన కొమ్మలన్నీ కాలిపోయినా ఆ గడ్డ నుంచే మళ్లీ చిగుళ్లు వస్తాయి. పైపు చెక్కేది ఆ గడ్డతోనే. తవ్వి తీసి, దిమ్మలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి లోపలి రసం పోగొడతారు. నెలల తరబడి ఆరబెట్టాకే చెక్కడానికి పనికొస్తుంది. ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ ఊరు పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈ పనికి పేరు మోసింది. బ్రయర్ కర్రలో పోగులు ఒకే దిక్కుకు పరుగెత్తకుండా అల్లుకుపోయి ఉంటాయి. అందుకే మామూలు కర్రలా ఒక గీత వెంబడి చీలిపోవడం తక్కువ.

ఇక్కడి కర్రతో చేయించుకుంటే పోలేదా అనే ఆలోచన సహజంగానే వస్తుంది. విశాఖకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. లేత్ మీద కర్రను ఎంత నున్నగా తిప్పుతారో చూసినవాళ్లకు తెలుసు. కానీ ఆ బొమ్మలకు వాడే అంకుడు కర్ర తేలికైనది, మెత్తనిది. బొమ్మకు అదే అందం, పైపు గిన్నెకు అదే లోపం. పైగా బొమ్మ మీద లక్క పట్టేదే వేడితో. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అతుక్కుంటుంది. రాపిడికే కరిగే లక్క నిప్పున్న గిన్నె మీద ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కొన్న పైపుకైనా ఇదే సూత్రం. అద్దంలా మెరిసే మందపాటి వార్నిష్ పూతలు వేడికి బుడగలు లేస్తాయి. కొండల్లో దొరికిన కొమ్మతో అప్పటికప్పుడు పైపు చెక్కుకునే ప్రయత్నంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే, దాని పొగ కూడా. పేరు తెలియని కర్రను నోటికి, నిప్పుకు మధ్య పెట్టకూడదు.

బ్రయర్ తర్వాత చెప్పుకోవలసినది, ధరలో దాని దరిదాపులకు రానిది, మొక్కజొన్న పైపు. గింజలు ఒలిచేశాక మిగిలే బెండును ఎండబెట్టి, తొలిచి, గిన్నెగా చేస్తారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో హెన్రీ టిబ్బి అనే కర్రపనివాడు 1869లో వీటి అమ్మకం మొదలుపెట్టాడు. బెండు బయట ఉండే గుంతలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ నోట్లో కనిపించే పొడుగాటి పైపు ఈ జాతిదే. తేలిగ్గా ఉంటుంది, తేమను బాగా పీల్చుకుంటుంది, పోయినా బాధ ఉండదు. పొడిగా ఉండే చోట దీన్ని మించిన బేరం లేదు. కానీ విశాఖ లాంటి చోట పీల్చుకున్న తేమ బయటికి పోవడానికి గాలిలో పొడిదనం ఉండదు. వానాకాలంలో రెండు మూడు రోజులు తడిసిన బెండు మెత్తబడుతుంది, బూజు పడుతుంది, మెడ అతుకు వదులవుతుంది. పడవ మీదికి ఒకే ఒక పైపు తీసుకెళ్లేవాళ్లకు ఇది సరికాదు. జేబులో రెండోదిగా మాత్రం చాలా మంచిది.

మీర్‌షామ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టర్కీలోని ఎస్కిషెహిర్ దగ్గర దొరికే తెల్లటి మెత్తని ఖనిజంతో చేసే ఈ పైపు పొగ రుచికి పేరు పొందింది, కింద పడితే మాత్రం ముక్కలే. మట్టి పైపుదీ అదే కథ.

ఇప్పుడు అసలు విషయం. కఠినమైన చోట పైపు విరిగేది గిన్నె దగ్గర చాలా అరుదు. విరిగేది అతుకు దగ్గర. గిన్నెకు ఒక మెడ ఉంటుంది, ఆ మెడలో ఒక బెజ్జం. నోటి కాడ చివర ఉండే సన్నటి మొన ఆ బెజ్జంలోకి బిగువుగా దిగుతుంది. మొన మందం పెన్సిలంత కూడా ఉండదు, మధ్యలో మళ్లీ పొగదారి కోసం తొలిచి ఉంటుంది. జేబులో పైపు ఉండగా వంగి వల లాగితే, వీపు సంచి కింద పడి నలిగితే, బరువంతా ఆ సన్నటి చోటే పడుతుంది. పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క మెడలోపలే ఉండిపోతుంది. ఊళ్లో ఉంటే ఎవరో ఒకరు మొన మార్చి ఇస్తారు. ఒడ్డుకు వంద కిలోమీటర్ల దూరంలో ఆ పైపు ఇక కర్రముక్కే.

రెండో దెబ్బ వేడి వల్ల తగులుతుంది. పైపు వేడిగా ఉండగా కాడను తిప్పి లాగకూడదని తయారీదారులందరూ చెబుతారు. వేడికి, తేమకు ఉబ్బిన కర్రలో బిగుసుకున్న మొనను లాగితే మెడ చీలుతుంది, లేదా చల్లారాక అతుకు వదులైపోతుంది. కానీ గాలివానలో, చీకట్లో, పొగదారి మూసుకుపోయినప్పుడు చల్లారేదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది?

ఈ రెండు ఇబ్బందులకూ ఉన్న మంచి మందు ఆర్మీ మౌంట్ అనే అతుకు. ఇందులో సన్నటి మొన ఉండదు. కాడ చివరే కొంచెం కొంచెంగా సన్నబడుతూ, మెడకు తొడిగిన లోహపు కట్టులోకి నేరుగా దిగుతుంది. అతుకు దగ్గర కాడ మందంగా ఉంటుంది కాబట్టి విరగడం తక్కువ. వేడిగా ఉన్నప్పుడు కూడా లాగి శుభ్రం చేయొచ్చు. పైపు మెడ విరిగిన సైనికులు దొరికిన లోహపు ముక్కతో దాన్ని బిగించుకోవడం నుంచి ఇది పుట్టిందని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా పనితనం మాత్రం నిజం. డబ్లిన్‌లోని పీటర్సన్ కంపెనీ ఈ తరహా అతుకుకు, పొగలోని నీరు చేరడానికి మెడ అడుగున ఒక చిన్న గుంత ఉండే ఏర్పాటును జోడించి 1890లో పేటెంట్ తీసుకుంది. నీరు ఆ గుంతలో ఆగుతుంది, నోట్లోకి రాదు, కాడ లాగి విదిలిస్తే బయటికి పోతుంది. తేమ నిండిన తీరప్రాంతానికి ఇంత సరిపోయే ఏర్పాటు ఇంకొకటి లేదన్నది ఈ విశ్లేషణ తేల్చే మాట. ఆర్మీ మౌంట్ దొరకకపోతే మొన డెల్రిన్‌తో చేసినదేమో చూడాలి. ఇది జారుడుగుణం ఉన్న గట్టి ప్లాస్టిక్. వంగే ఒత్తిడిని మామూలు మొన కంటే బాగా ఓర్చుకుంటుంది.

నోటి కాడల్లో ఎబొనైట్, యాక్రిలిక్ రెండూ వాడుకలో ఉన్నాయి. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. పళ్లకు మెత్తగా ఆనుతుంది, పడినా తొందరగా పగలదు. ఎండ దానికి శత్రువు. కొన్ని వారాలు డెక్కు మీద ఎండలో ఉంటే నలుపు పోయి ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన పొర తేలుతుంది, చేదుగా ఉంటుంది. యాక్రిలిక్ రంగు మారదు, ఉప్పుకు చెక్కుచెదరదు. కానీ గట్టిదనం ఎక్కువై, ఇనుప డెక్కు మీద పడితే అంచు పెచ్చులూడుతుంది. పళ్ల మధ్య గంటలకొద్దీ కరిచిపట్టి రెండు చేతులతో పనిచేసేవాళ్లకు ఎబొనైటే నయం. రంగు మారిన పొరను సన్న గరుకు కాగితంతో రుద్దితే పోతుంది, పెచ్చులూడిన యాక్రిలిక్ అంచును పడవ మీద బాగుచేసుకోవడం కష్టం.

అల్యూమినియం కాడ మీద బ్రయర్ గిన్నెను మరలాగా తిప్పి బిగించే ఫాల్కన్ తరహా పైపులు కూడా ఉన్నాయి. 1930ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్నాయి. గిన్నె పాడైతే గిన్నె మాత్రమే మార్చుకోవచ్చు. ఊరికి దూరంగా ఉండేవాళ్లకు నిజంగా తెలివైన ఏర్పాటు. కొండల్లోకి వెళ్లేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. సముద్రం మీద మాత్రం ఉప్పునీరు అల్యూమినియాన్ని గుంతలు గుంతలుగా తింటుంది. మరల సందులో తెల్లటి పొడి పేరుకుని గిన్నె బిగుసుకుపోతుంది. హార్బర్‌లో పాత అల్యూమినియం సామాను చూసినవాళ్లకు ఆ తెల్లపొడి కొత్త కాదు.

ఆకారం విషయంలో అందం పక్కన పెట్టాలి. పొట్టి మెడ, మందపాటి గోడలు, తిన్నగా గానీ కొద్దిపాటి వంపుతో గానీ ఉండే కాడ. పొడవు పెరిగేకొద్దీ అతుకు మీద బరువు పెరుగుతుంది. బాగా వంగిన పైపు పళ్లకు తేలికే, కానీ చాలా వాటిలో శుభ్రం చేసే తీగ గిన్నె అడుగు దాకా దూరదు. నేల మీద నిలబడే చదునైన అడుగున్న పైపులు టెంటు బయట పనికొస్తాయి, ఊగే పడవలో వాటివల్ల లాభం లేదు. గిన్నె బయట గరుకుగా చెక్కినదైతే తడిచేతిలో జారదు, గీతలు పడినా తెలియదు.

గాలి సంగతి విడిగా చెప్పాలి. గాలి నిప్పును ఆర్పుతుందని అందరికీ తెలుసు, రాజేస్తుందని మర్చిపోతారు. కైలాసగిరి మీదో, డెక్కు మీదో గిన్నె నోటికి గాలి తగులుతుంటే అది కొలిమి తిత్తిలా పనిచేస్తుంది. పీల్చకపోయినా లోపల పొగాకు భగభగా కాలుతుంది, ఆ వేడికి బ్రయర్ కూడా ఒకచోట బొగ్గై బెజ్జం పడుతుంది. పైపులు పాడవడానికి ఇది కూడా ఒక ముఖ్య కారణం. చిల్లులున్న లోహపు మూత ఒకటి గిన్నె మీద బిగిస్తే గాలి కావలసినంతే లోపలికి వెళుతుంది, నిప్పురవ్వలు బయటికి ఎగరవు. అడ్డపొగలో నాలుకా, బుగ్గలూ చేసే పనిని ఈ చిన్న మూత చేస్తుంది. ఎండాకులు పరుచుకున్న వేసవి అడవిలో, డీజిల్ వాసన నిండిన పడవలో రవ్వ ఎగరకపోవడమే అన్నిటికంటే ముఖ్యం. మూత లేని పైపును ఆ రెండు చోట్లా ముట్టించనే కూడదు. టెంటు లోపల అసలు వద్దు.

నిప్పు ముట్టించడం చలిలో మరో ఇబ్బంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి కొన్నిసార్లు సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంది. మామూలు లైటర్‌లో ఉండే బ్యూటేన్ మరిగేది సుమారు మైనస్ అర డిగ్రీ దగ్గర. అందువల్ల ఆ చలిలో గ్యాస్ సరిగా లేవదు, మంట రాదు. లైటర్‌ను కాసేపు గుప్పిట్లోనో, చొక్కా లోపలో వెచ్చబెడితే వెలుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో కరెంటు లేకుండా గడిపిన రోజుల్లో అగ్గిపెట్టె విలువ ప్రతి ఇంటికీ తెలిసింది. గీసే పట్టీ చెమ్మగిల్లితే పుల్లలు పొడిగా ఉన్నా దండగే. రెండింటినీ బిగుతైన ప్లాస్టిక్ డబ్బీలో వేసి పెట్టుకోవాలి. ఆ డబ్బీ మొదట పనికొచ్చేది పొయ్యికి, దీపానికి. పైపు వంతు ఆ తర్వాతే.

చలిలో ఇంకో మాట. నికోటిన్ వేళ్లలో, కాళ్లలో రక్తనాళాలను బిగిస్తుంది. వెచ్చగా అనిపిస్తుందని పైపు ముట్టించినవాడి వేళ్లు నిజానికి ఇంకా చల్లబడతాయి. మంచు ప్రాంతాలకు ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి.

1916లో అంటార్కిటికా యాత్రకు వెళ్లిన షాకిల్టన్ బృందంలోని 22 మంది అక్కడి ఎలిఫెంట్ ద్వీపం మీద నాలుగు నెలలకు పైగా చిక్కుకుపోయారు. వాళ్ల దగ్గర పైపులు మిగిలాయి, పొగాకు అయిపోయింది. బూట్లలో పరుచుకునే ఎండుగడ్డిని కూడా పైపుల్లో కూరి కాల్చి చూశారు. ఎంత గట్టి పైపు కొన్నా ముందు చేతులెత్తేసేది పొగాకే, ఆ తర్వాత మనిషి. రోజుల తరబడి దూరం వెళ్లేవాళ్లు పొగాకు అయిపోతే వచ్చే చిరాకు, తలనొప్పి, నిద్రలేమి గురించి కూడా బయలుదేరక ముందే ఆలోచించుకోవాలి. వీలైతే పొగాకు మానేయడానికి ఆ ప్రయాణాన్నే మొదటి మెట్టు చేసుకోవచ్చు.

బాగుచేసుకునే సామాను బరువేమీ కాదు. మొన వదులైతే తేనె మైనం కొద్దిగా పూస్తే బిగుస్తుంది. గిన్నె అడుగు కాలి పలచబడితే చుట్ట బూడిదలో నాలుగు చుక్కల మంచినీళ్లు కలిపి ముద్దగా పూసి ఆరనివ్వాలి. పైపు వాడేవాళ్లు చాలా దేశాల్లో చేసే పని ఇదే. మెడ చీలితే వల దారంతో దగ్గర దగ్గరగా చుట్టి ముడేయాలి. అదే దారంతో పైపును చొక్కా గుండీకి కట్టుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే సముద్రంలో పైపులు విరిగిపోవడం కంటే జారిపోవడమే ఎక్కువ. శుభ్రం చేసే తీగలు అయిపోతే కోడి ఈక సరిపోతుంది. కొబ్బరి ఈనె మాత్రం లోపల విరిగి ఇరుక్కుంటుంది. ఉప్పునీటితో ఎప్పుడూ కడగకూడదు. లోపల పేరుకునే మసిపొర గోడను కాపాడుతుంది, కానీ రూపాయి బిళ్ల మందం దాటకుండా గీకుతూ ఉండాలి. అంతకంటే పెరిగితే వేడికి అది వ్యాకోచించి గిన్నెనే పగలగొడుతుంది.

ఇలాంటి పైపు వీధి చివర పాన్ షాపులో దొరకదు. ఆన్‌లైన్‌లోనో, ఓడల్లో పనిచేసే బంధువుల చేతనో తెప్పించుకోవాల్సిందే. చేతికి రాగానే కాడ తీయకుండా ఒక తీగ దూర్చి చూడాలి. మెడలో నీరు చేరే గుంత లేని పైపైతే అది ఎక్కడా అడ్డు తగలకుండా గిన్నె అడుగున బయటికి రావాలి. ఆ తర్వాత గిన్నెలోకి టార్చి వేసి పొగదారి బెజ్జం ఎక్కడుందో చూడాలి. సరిగ్గా అడుగుకు ఆనుకుని ఉంటే పొగాకు చివరిదాకా పొడిగా కాలుతుంది. అడుగుకు రెండు మూడు మిల్లీమీటర్లు పైన ఉంటే ప్రతిసారీ తడిముద్ద ఒకటి కింద మిగిలిపోయి, విశాఖ గాలిలో ఆరక, కర్రను లోపలి నుంచే పులియబెడుతుంది. అలాంటిది ఎంత పేరున్న కంపెనీదైనా తిరిగి పంపేయాలి.